తండ్రి వేషానికి వయసెంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నటీనటుల జీవితాల గురించి మీరు పంపిన ఉత్తరాల్లో ఈసారి కథానాయకుల గురించి అడిగినవి తక్కువ. తండ్రులు, అత్తలు, మాంత్రికులు, సీరియళ్లలో ఆడపడుచులు, తెర మీద ముఖమే కనిపించని గొంతులు, వీరి గురించి అడిగినవే ఎక్కువ. చాలాకాలంగా రాయాలనుకుంటున్న విషయమే కాబట్టి కొన్నింటికి కాస్త నిడివిగానే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: గుమ్మడి వెంకటేశ్వరరావు గారు తనకంటే పెద్దవారైన హీరోలకు తండ్రిగా వేశారని మా తాతగారు అంటుంటారు. ఇది నిజమేనా? నిజమైతే అలా ఎందుకు జరిగింది?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. గుమ్మడి గారు 1927లో పుట్టారు, ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ వయసులో ఆయనకంటే పెద్దవారే. అయినా 1955లో వచ్చిన ‘అర్ధాంగి’లో అక్కినేనికి, జగ్గయ్యకు తండ్రి అయిన జమీందారుగా గుమ్మడి కనిపించారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆ పాత్ర బాగా పండడంతో పరిశ్రమ ఆయన తలకు పూసిన తెల్లరంగును మళ్లీ కడగనివ్వలేదు. రెండేళ్ల తరువాత ‘మాయాబజార్’లో ఎన్టీఆర్ కృష్ణుడైతే గుమ్మడి ఆయన అన్న బలరాముడు.

ఎస్.వి.రంగారావు సంగతి ఇంకా ఆశ్చర్యకరమైనది. ఆయన 1918లో పుట్టారు, అంటే ఎన్టీఆర్‌కంటే ఐదేళ్లే పెద్ద. 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిగా ఎన్టీఆర్ కృష్ణుడి ముందు చేతులు కట్టుకుని, పిల్లవాడి వరసలో నిలబడ్డారు. 1962లో ‘గుండమ్మ కథ’కు వచ్చేసరికి అదే ఎన్టీఆర్‌కూ, అక్కినేనికీ కలిపి తండ్రి. ఈ ఐదేళ్లలో ఆయన శరీరం అంతగా మారిపోలేదు. మారిందల్లా నడిచే తీరు, మెడ తిప్పే తీరు, మాట మధ్య ఆగే తీరు. ఘటోత్కచుడు కూర్చున్నప్పుడు భూమి తనదేనన్నట్టు కూర్చుంటాడు. ‘గుండమ్మ కథ’లో తండ్రి కూర్చుంటే ఎదుటివారి మనసులో ఏముందో కనిపెట్టేవాడిలా కూర్చుంటాడు. ఈ రెండు చిత్రాలనూ ఒకే వారంలో చూడమని మీకు నా సలహా.

ఇక ఎందుకు జరిగేదంటే, ప్రేక్షకులు హీరోను ఒక వయసు దగ్గర నిలబెట్టుకుంటారు, నిర్మాత ఆ వయసును కదపడానికి ఇష్టపడడు. హీరో కదలకపోతే చుట్టూ ఉన్నవారు కదలాలి. గంభీరమైన గొంతు, నిదానమైన ఉచ్చారణ ఉన్న యువ నటుడు దొరికితే అతడికి పెద్దరికం అంటగట్టడం సులభం. నటుడి వైపు నుంచి చూస్తే ఇందులో ఒక ఊరట కూడా ఉంది. హీరో వేషాలు పదేళ్లకో పదిహేనేళ్లకో ఆగిపోవచ్చు గానీ తండ్రి వేషాలు ఆగవు. గుమ్మడి గారు దశాబ్దాల తరబడి నిలకడగా పనిచేయగలగడానికి ఆ తెల్లజుట్టు కూడా ఒక కారణం.

ఇదే సూత్రం స్త్రీల విషయంలో మాత్రం చాలా కఠినంగా పనిచేసింది. 1972 నాటి ‘బడిపంతులు’లో శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు, 1979లో ‘వేటగాడు’లో ఆయన సరసన కథానాయిక. ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కు భార్యగా నటించిన అంజలీదేవి ఆయనకంటే నాలుగేళ్లు చిన్నవారు, ఆ తరువాత ఆమెకు ఎక్కువగా వచ్చినవి తల్లి, పెద్దమ్మ వేషాలే. ‘లవకుశ’లో సీతగా లక్షలాది మందిని ఏడిపించిన నటికి వయసు ఒక్కటే అడ్డు కావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈ తేడా ఇవాళ కొంత తగ్గింది గానీ పోలేదు.

ప్రశ్న: సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్, అల్లరి నరేష్... వీరి పేర్ల ముందు సినిమా పేర్లు ఎందుకు వచ్చాయి? ఇది వారు పెట్టుకున్నదా, జనం పెట్టినదా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: చాలావరకు అవసరం పెట్టింది. ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు ఒకే పరిశ్రమలో పనిచేస్తున్నప్పుడు కబురు పంపేవారికి, పత్రికలకు, చివరికి ప్రేక్షకులకు ఎవరు ఎవరో తెలియాలి కదా. అందరికీ తెలిసిన రంగారావు ఒకరు ఉండగా, 1967లో బాపు దర్శకత్వం వహించిన తొలి చిత్రం ‘సాక్షి’తో పరిచయమైన మరో రంగారావును ఏమని పిలవాలి? ఆ సినిమా పేరే ఆయనకు గుర్తింపు అయింది. 1982లో ‘శుభలేఖ’తో సుధాకర్‌కు, ఆ తరువాత ‘ఆహుతి’తో ప్రసాద్‌కు, 2002లో ‘అల్లరి’తో నరేష్‌కు, 2005లో ‘వెన్నెల’తో కిశోర్‌కు ఇలాగే జరిగింది.

జానకి అనే పేరు దగ్గర ఈ అవసరం ఇంకా బాగా తెలుస్తుంది. గాయని ఎస్.జానకి ఒకరు. 1950లో ‘షావుకారు’తో వచ్చిన నటి శంకరమంచి జానకి మరొకరు, ఇంటిపేరులో మొదటి అక్షరం రాస్తే ఆమె కూడా ఎస్.జానకే అవుతారు. ‘షావుకారు’ అన్న మాట లేకపోతే ఈ ఇద్దరినీ కాగితం మీద విడదీయడం కష్టం. వీరు చాలరన్నట్టు డబ్బింగ్ జానకి గారు కూడా ఉన్నారు. ఆమెకు సినిమా పేరు బదులు వృత్తి పేరే ముందు చేరింది. రంగస్థలం నుంచి వచ్చిన నాగభూషణం గారికి ‘రక్తకన్నీరు’ నాటకం పేరు అంటుకుంది.

సుత్తి జంట కథ వేరు. జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’లో ఎదుటివారిని మాటలతో మోదడానికి ‘సుత్తి’ అన్న మాట వాడారు. ఆ మాట ఊరూరా పాకింది, ఇప్పుడు మన నిత్య వ్యవహారంలో కలిసిపోయింది. వీరభద్రరావు, వేలు ఇద్దరూ దాన్ని పేరులో మోశారు. వీరభద్రరావు 1988లోనే, ఇంకా చేయవలసింది ఎంతో ఉండగా వెళ్లిపోయారు. ఒక నటుడు భాషకు ఒక మాట ఇచ్చి పోవడం చిన్న విషయం కాదు.

ఇలాంటి పేరు మొదట్లో వరం. కొత్తవాడి ముఖం గుర్తులేకపోయినా సినిమా గుర్తుంటుంది. కానీ తొలి పాత్ర నవ్వించేదైతే, తరువాత గంభీరమైన వేషం కోరుకున్నప్పుడు ఆ పేరే అడ్డు నిలుస్తుంది. అల్లరి నరేష్ హాస్యం వదిలి గంభీరమైన కథలు ఎంచుకోవడం మొదలుపెట్టినప్పుడు పేరులోని ‘అల్లరి’ గురించి ఎంత చర్చ జరిగిందో మీరూ గమనించే ఉంటారు.

ప్రశ్న: తెలుగులో మొదటి టాకీ హీరోయిన్ ఎవరు?
(ఒక విద్యార్థి, కడప)

జవాబు: సురభి కమలాబాయి. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’లో నటించారు. ఆమె పుట్టి పెరిగిన సురభి నాటక సమాజం మీ జిల్లాదే; 1885లో ‘కీచక వధ’ ప్రదర్శనతో సురభి గ్రామంలో మొదలై, ఆ ఊరి పేరునే తన పేరు చేసుకుంది. ఈ సమాజంలో పిల్లలు మాటలు నేర్చే వయసులోనే పద్యాలు నేర్చేవారు కాబట్టి, మైకు ముందు స్పష్టంగా పలకగలిగిన నటి కోసం టాకీ వెతికినప్పుడు ఆమె సిద్ధంగా ఉన్నారు.

ప్రశ్న: సావిత్రి గారి గురించి ఎవరు మాట్లాడినా చివరి రోజుల దగ్గరే ఆగిపోతున్నారు. నటిగా ఆమె గొప్పతనం ఎక్కడుందో చెప్పండి.
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. ఆమె చాలా నెలలు స్పృహ లేకుండా ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూశారన్నది అందరూ చెప్పేదే. అది ఆమె జీవితపు చివర మాత్రమే. దాన్నే జీవితమంతా అనుకుంటే మనం చాలా పోగొట్టుకుంటాం.

‘మాయాబజార్’లో ‘అహ నా పెళ్లియంట’ పాటను ఈసారి శబ్దం తగ్గించి చూడండి. అక్కడ ఉన్నది శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే సావిత్రి, ఒక స్త్రీగా నటిస్తున్న ఒక మగవాడిగా నటించాలి. పైగా ఆ మగవాడిని అదే చిత్రంలో ఎస్.వి.రంగారావు మనకు ముందే చూపించారు కాబట్టి, ఆమె చేసే మగవాడు ఏదో ఒక మగవాడైతే సరిపోదు, ఆ ఘటోత్కచుడే కావాలి. పాట సుశీల గొంతుతో సాగుతూ ఒకచోట ఘంటసాల గొంతుకు మారుతుంది. సరిగ్గా అక్కడ సావిత్రి భుజాలు వెడల్పవుతాయి, నడకలో బరువు దిగుతుంది, చూపు కిందికి వాలడం మానేసి ఎదురుగా నిలబడుతుంది. మళ్లీ సుశీల గొంతు వచ్చేసరికి అదంతా మాయమై, పెళ్లికూతురు సిగ్గు ముఖం మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇదంతా చేసేటప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లకు మించి ఉండవు. కెమెరా మాయలకు పేరుపడ్డ ఆ చిత్రంలో నా మటుకు అన్నింటికంటే పెద్ద మాయ ఆ భుజాలదే.

మరో సంగతి. 1955 నాటి ‘మిస్సమ్మ’లో నాయిక పాత్ర మొదట భానుమతి గారిది, సావిత్రికి అనుకున్నది రెండో పాత్ర. భానుమతి తప్పుకోవడంతో సావిత్రి నాయిక అయ్యారు, ఆమె వదిలిన పాత్ర జమునకు దక్కింది. ఇలా అదృష్టం కలిసొచ్చిన వారు పరిశ్రమలో చాలామంది ఉంటారు. దొరికిన పాత్రను, ఇంకొకరు చేసి ఉంటే ఎలా ఉండేదో ఊహించడానికి కూడా వీల్లేకుండా తనది చేసుకోవడం మాత్రం అందరికీ సాధ్యం కాదు. ఆ తరువాత 1968లో ‘చిన్నారి పాపలు’తో దర్శకత్వం కూడా చేపట్టారు. ఆ రోజుల్లో ఒక మహిళ ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ప్రశ్న: ఒక నటుడు బాగా చేశాడని మెచ్చుకుంటాం, తీరా ఆ గొంతు అతడిది కాదని తెలుస్తుంది. అలాంటప్పుడు మన మెప్పు ఎవరికి చెందాలి?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఇద్దరికీ చెందాలి. ఎందుకో చెప్పే ముందు ఒక డబ్బింగ్ థియేటర్‌లో నేను చూసినదాన్ని మీకు చూపిస్తాను.

గది చీకటిగా ఉంటుంది. గొంతు ఇచ్చే కళాకారిణి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడి ఉన్నారు, ఎదురుగా తెర మీద కథానాయిక మెట్లు ఎక్కుతూ కోపంగా మాట్లాడుతోంది. ముక్క నిడివి పది పన్నెండు సెకన్లకు మించదు. మొదటిసారి ఈమె మాట్లాడలేదు, పెదవులు మాత్రమే చూశారు. రెండోసారి, నటి ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో కాగితం మీద మాటల మధ్య చిన్న గీతలు పెట్టుకున్నారు. మూడోసారి మాట్లాడితే పెదవులు సరిపోయాయి గానీ అవతలి గదిలో ఉన్న దర్శకుడు ఒప్పుకోలేదు. మెట్లు ఎక్కుతున్న ఆయాసం మాటలో లేదన్నారు. నాలుగోసారి ఆమె ఉన్నచోటనే రెండు మూడు గెంతులు గెంతి, రొప్పు తగ్గకముందే మైకు దగ్గరికి వచ్చి ఆ వాక్యం చెప్పేశారు. దర్శకుడు ఏమీ అనలేదు. తరువాతి ముక్క తెర మీదికి వచ్చింది. ఆ నటి ఎక్కిన మెట్లు ఈమె ఎక్కలేదు, ఆ కోపానికి కారణమైన మనిషి ఈమె ఎదుట లేడు, అయినా ఆ ఆయాసం నిజమైనదే. దీన్ని నటన అనకపోతే మరి దేన్ని అంటాం?

మన తెలుగులో ఈ విద్యకు గొప్ప వారసత్వం ఉంది. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడిగా ఇంటింటా తెలిసిన రోజారమణి, పెద్దయ్యాక ఎందరో నాయికలకు గొంతు ఇచ్చారు. సుమన్, రాజశేఖర్ తెర మీద గర్జించినప్పుడు థియేటర్లలో మోగిన గొంతు సాయికుమార్‌ది. ఆయన తండ్రి పి.జె.శర్మ కూడా నటులు, డబ్బింగ్ కళాకారులే. 2009లో ‘అరుంధతి’లో సోనూ సూద్ ముఖం ఎంత భయపెట్టిందో, సాయికుమార్ తమ్ముడు రవిశంకర్ గొంతు అంతకు తక్కువగా భయపెట్టలేదు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారు ఎన్నో చిత్రాల్లో కమల్‌హాసన్‌కు తెలుగు గొంతు అయ్యారు; ‘గాంధీ’ తెలుగు అనువాదంలో బెన్ కింగ్స్‌లీకి కూడా ఆయనే మాట్లాడారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది పురస్కారాల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి ఇచ్చేది. అది చాలా సరైన పని అని నా అభిప్రాయం. సినిమా మొదట్లో వేసే పేర్లలో ఫలానా పాత్రకు గొంతు ఫలానావారిది అని స్పష్టంగా వేస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. టీవీ సీరియల్‌లో వేషం ఇస్తామంటున్నారు. ఆనందంగానూ ఉంది, భయంగానూ ఉంది. చట్టం ఏమంటుందో చెప్పగలరా?
(ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీ భయం మంచిదే; అది మీ పాపను కాపాడుతుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పని చేయడాన్ని నిషేధిస్తూనే, సినిమా, టీవీ వంటి వాటిలో బాల కళాకారులకు షరతులతో వెసులుబాటు ఇచ్చింది. ఆ షరతులు 2017 నాటి నిబంధనల్లో ఉన్నాయి. నిర్మాతతో మాట్లాడే ముందు మీరు వీటిని మనసులో పెట్టుకోండి.

పాప చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా ఏకబిగిన మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు, చదువు ఆగిపోకుండా నిర్మాతే ఏర్పాటు చేయాలి. చిత్రీకరణ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకోవలసిన బాధ్యత నిర్మాతది. ఆ దరఖాస్తుతో పాటు మీ అంగీకార పత్రం, పాప భద్రతకు బాధ్యుడైన వ్యక్తి పేరు ఇవ్వాలి. అలాంటి బాధ్యుడు ఒకరికి ఐదుగురు పిల్లలకు మించి అప్పగించకూడదు. పాప సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా నేరుగా జమ కావాలి. ఆ డబ్బు మేజర్ అయ్యాక ఆమె చేతికి వస్తుంది. అన్నింటికంటే ముఖ్యమైన నిబంధన, పిల్లల ఇష్టానికి వ్యతిరేకంగా వారి చేత ఏదీ చేయించకూడదన్నది.

అనుమతి పత్రం చూపించమని మీరు అడిగినప్పుడు, ‘ఇవన్నీ మామూలేనండీ, మేం చూసుకుంటాం’ అనేవారి దగ్గర ఒప్పుకోకండి. చట్టం చెప్పని మాట కూడా ఒకటి చెబుతాను. సీరియల్‌లో పిల్ల పాత్ర అంటే ఎక్కువగా ఏడుపు, అనాథగా తిరగడం, పెద్దలు కొట్టడం. తొమ్మిదేళ్ల పిల్ల రోజూ ఏడుస్తూ నటించాల్సి వస్తే రాత్రికి అది ఆమెను వదిలిపోతోందా లేదా అన్నది మీరు తప్ప ఎవరూ గమనించరు. పాత్ర ఏమిటో పూర్తిగా చెప్పించుకోండి, సెట్‌లో పాప పక్కనే ఉండండి, ఒక వారం తరువాత ‘ఇక వెళ్లను’ అని ఆమె అంటే ఆ మాటను చివరి మాటగా తీసుకోండి.

ప్రశ్న: సీరియల్ నటుల జీవితం సినిమా నటుల జీవితం కంటే నిలకడగా ఉంటుందంటారు. మరి ఉన్నట్టుండి పాత్రధారులు ఎందుకు మారిపోతుంటారు?
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: నిలకడ ఉన్నమాట నిజమే, దాని వెనుక శ్రమ కూడా అంతే ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనప్పుడు నాటకం, నాటిక, వారానికొక భాగం అన్నట్టుగా ఉండేది. 1995లో ఉపగ్రహ ఛానళ్లు వచ్చాక రోజువారీ సీరియల్ అలవాటైంది. ‘మొగలిరేకులు’ 2008 నుంచి 2013 దాకా, ‘కార్తీకదీపం’ 2017 నుంచి 2023 దాకా నడిచాయి. అన్నేళ్లు ఒకే మనిషిగా రోజూ ఇళ్లలోకి రావడం సినిమా నటులకు తెలియని అనుభవం.

అరగంట ప్రసారంలో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాలకు పైచిలుకు కథ ఉండాలి. వారంలో ఐదారు రోజులు ప్రసారం కావాలంటే దాదాపు రోజుకొక భాగం చిత్రీకరించక తప్పదు. సినిమాలో ఒక సన్నివేశానికి పట్టే సమయంలో ఇక్కడ ఒక భాగమంతా పూర్తవుతుంది. మాటల కాగితం చాలాసార్లు సెట్‌లోనే చేతికి వస్తుంది. కంఠస్థం చేసే వ్యవధి ఉండదు కాబట్టి పక్కన ఒకరు ప్రాంప్టింగ్ చెబుతుంటే విని, అర్థం చేసుకుని, విన్నట్టు కనబడకుండా పలకాలి. వేరే భాష నుంచి వచ్చిన నటికి ఇది ఇంకా కష్టం. ‘కార్తీకదీపం’ నాయిక కేరళ నుంచి వచ్చినవారే. అయినా తెలుగిళ్లలో ఆమెను సొంత మనిషిలా చూసుకున్నారు.

ఇక మార్పుల సంగతి. వీరికి పారితోషికం సాధారణంగా పనిచేసిన రోజులను బట్టి ఉంటుంది. కథలో పాత్రను ఊరికి పంపితే ఆ నెల సంపాదన తగ్గుతుంది, పాత్రను చంపితే ఆగిపోతుంది. రేటింగ్ పడిపోయినప్పుడు కథ మలుపు తిరుగుతుంది, ఆ మలుపులో ఎవరి పని పోతుందో రచయితకు కూడా ముందుగా తెలియదు. అందువల్ల నటులు ఒకేసారి రెండు సీరియళ్లు ఒప్పుకుంటారు. రెండింటి షెడ్యూళ్లూ ఒకే రోజున పడినప్పుడు ఒకటి వదులుకుంటారు. పెళ్లి, కాన్పు, అనారోగ్యం వంటి కారణాలు కూడా ఉంటాయి. ‘ఇకపై ఈ పాత్రలో ఫలానావారు’ అని తెర మీద ఒక్క వాక్యం పడుతుంది, మరునాటి నుంచి ప్రేక్షకులు కొత్త ముఖాన్ని అలవాటు చేసుకుంటారు.

మీ ఉత్తరం చివర, చెడ్డ అత్త పాత్ర వేసే నటిని మీ ఊరి బస్టాండులో ఎవరో తిట్టారని రాశారు. ఇది కొత్త కాదు. సూర్యకాంతం గారు గయ్యాళి అత్తగా ఎంతగా నమ్మించారంటే, కూతుళ్లకు ఆ పేరు పెట్టడమే జనం మానేశారని పెద్దలు చెప్పుకుంటారు. ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, అక్కినేని, ఎస్వీఆర్, సావిత్రి, జమున అందరూ ఉండగా సినిమా పేరు మాత్రం ఆమె పాత్రది. ఆ నటి మళ్లీ ఎదురైతే, మీరు ఎంత బాగా చేశారో అందుకే అందరూ తిడుతున్నారని చెప్పండి. ఆమె ఆ రోజంతా సంతోషంగా ఉంటారు.

ప్రశ్న: అంత సంపాదించిన పాత తరం నటులు చివరికి ఎందుకు అన్నీ పోగొట్టుకున్నారు? తాగుడు, దుబారా కారణమా?
(ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: అలా తేల్చేయడం వారికి అన్యాయం చేయడమే. నేను గమనించినంతలో, నటించడం వల్ల చెడినవారు తక్కువ, సినిమా తీయడం వల్ల చితికినవారు ఎక్కువ. మీ పక్క ప్రాంతం నుంచే వెళ్లిన కాంతారావు గారిని తీసుకోండి. కోదాడ దగ్గరి గుడిబండ ఆయన ఊరు. జానపద చిత్రాల్లో కత్తి పట్టుకుని, పౌరాణికాల్లో నారదుడిగా, ‘లవకుశ’లో లక్ష్మణుడిగా తరతరాల వారికి తెలిసిన మనిషి. సొంత చిత్రాల నిర్మాణంలో ఆస్తి కరిగిపోయింది. ఆ తరువాత 2009లో కన్నుమూసే దాకా చిన్న వేషాలు, సీరియళ్లు ఏవి వస్తే అవి గౌరవంగా చేసుకుంటూ వచ్చారు. సావిత్రి గారిని దెబ్బతీసిన వాటిలో ‘మూగ మనసులు’ను తమిళంలో తానే నిర్మించి, దర్శకత్వం వహించిన చిత్రం ఒకటి. బాలసుబ్రహ్మణ్యం గారికి గాయకుడిగా తొలి అవకాశం ఇచ్చిన నిర్మాత హాస్యనటుడు పద్మనాభం అన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆయన కూడా చిత్ర నిర్మాణంలోనే నష్టపోయారు.

చిత్తూరు నాగయ్య గారిది మరో దారి. ‘పోతన’, ‘త్యాగయ్య’, ‘వేమన’గా నటించిన ఆ మనిషి, ఆ పాత్రల స్వభావాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నారు. అడిగినవారికి లేదనలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది, 1973 చివర కన్నుమూసే నాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. దీన్ని దుబారా అనడానికి నాకు నోరు రాదు.

అప్పట్లో నటుడికి పింఛను, బీమా వంటి ఆసరా దాదాపు లేదు. ఇప్పుడు 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఉంది; వృద్ధ కళాకారులకు పింఛను, వైద్య సాయం వంటివి అందిస్తోంది. అది సభ్యత్వం ఉన్నవారికే అందుతుంది, సీరియళ్లలో రోజువారీగా పనిచేసే అందరినీ ఆదుకునేంత పెద్ద చెయ్యి కాదు. అయినా ఉండడం, లేకపోవడం మధ్య తేడా నాగయ్య గారి తరానికి బాగా తెలుసు.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నటన అంటే ప్రాణం. ఉద్యోగం మానేసి కృష్ణానగర్ వెళ్లిపోదామనుకుంటున్నాను. మీరేమంటారు?
(ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: తమ్ముడూ, వెళ్లవద్దని అనను, ఉద్యోగం మానేసి వెళ్లవద్దని మాత్రం అంటాను. ఉద్యోగం వదిలి గెలిచినవారి కథలే మనం ఎక్కువగా వింటాం. ఎన్టీఆర్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కొద్ది వారాలే పనిచేసి వదిలేసి మద్రాసు రైలెక్కారన్నది అందరికీ నచ్చే కథ. కానీ ఎస్.వి.రంగారావు తొలి చిత్రం ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు, మళ్లీ పిలుపు వచ్చాకే తిరిగి వచ్చారు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. 1978లో ‘ప్రాణం ఖరీదు’లో కనిపించినా, రాష్ట్రమంతా ఆయన పేరు తెలియడానికి 1985 నాటి ‘ప్రతిఘటన’ దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడేళ్లూ ఇల్లు గడిపింది బ్యాంకు జీతమే. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేశారు. అల్లు రామలింగయ్య హోమియో వైద్యం తెలిసినవారు, పెద్ద నటుడయ్యాక కూడా మందులు ఇవ్వడం మానలేదు. గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణిలో ఏళ్ల తరబడి పనిచేసి, నలభై దాటాక 1982లో తెర మీదికి వచ్చారు.

వీరందరిలో ఉమ్మడిగా ఉన్నది రంగస్థలం. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు రిహార్సల్, సెలవు పెట్టి నాటక పరిషత్తు పోటీలు, అక్కడ ఎవరో చూసి మరొకరికి చెప్పడం, ఇదే వారి దారి. మీది పశ్చిమ గోదావరి ప్రాంతం, నాటకానికి కరువు లేని చోటు. ముందు ఒక సమాజంలో చేరండి. మొదటి ఏడాది తెర లాగమంటారు, రెండో ఏడాది రెండు మాటలున్న సేవకుడి వేషం ఇస్తారు. ఆ రెండు మాటలు చివరి వరుసలో కూర్చున్న ముసలాయనకు వినబడేలా, అరుపులా లేకుండా చెప్పగలుగుతున్నారేమో చూసుకోండి. ఆడిషన్లు సెలవు రోజుల్లో ఇవ్వవచ్చు. వేషం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. నిజంగా నటుడు కావలసినవాడు నటుడికి డబ్బు ఇస్తాడు, తీసుకోడు. ఏడాది తరువాత మళ్లీ ఉత్తరం రాయండి, మీరు వేసిన మొదటి వేషం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.